హద్దు దాటిన ఇల్లు

"ముందు ఆ ఏసీ ఆపండి!" గుమ్మంలో అడుగుపెడుతూనే గయ్యిమంది తనిఖీకి వచ్చిన కరెంటాఫీసు అమ్మాయి.

బయట ఎండ మండిపోతోంది. తలుపు తీసిన పెద్దాయన మాత్రం స్వెట్టర్ వేసుకుని ఉన్నాడు.

"రామ్మా, రా. మంచినీళ్ళు తాగుతావా?"

"మర్యాదలకు రాలేదండీ. వీధి మొత్తం ఒకెత్తు, మీ ఒక్క మీటరూ ఒకెత్తు. ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"నేనొక్కణ్ణే."

ఆమె నమ్మలేదు. ప్రతి గదిలోనూ ఏసీ, ఫ్యాను పోటీపడుతున్నాయి. టీవీ తనలో తనే వాగుతోంది. గిరగిరా తిరుగుతున్న వాషింగ్ మెషిన్ ఆపి మూత ఎత్తి చూసింది. లోపల ఒకే ఒక్క జేబురుమాలు! ఆమె అక్షింతలు వేస్తూ ఒక్కో స్విచ్చూ కట్టేస్తుంటే, దూరపు చుట్టానికి ఇల్లు చూపిస్తున్నట్టు ఆయన మురిసిపోతూ వెనకే తిరిగాడు.

"ఊరు పెరిగింది, ఫ్యాక్టరీలొచ్చాయి, ఇంటింటికీ ఏసీలొచ్చాయి. వద్దనం. కానీ మనకున్నది బొగ్గు కరెంటే కదండీ! మీరిక్కడ రుమాలు తిప్పుతుంటే అక్కడ గొట్టాలు పొగ కక్కుతున్నాయి. సరైన కారణం చెప్పకపోతే ఇవాళే లైను పీకేస్తాను."

ఆయన చివరి గది తలుపు కూడా తీసి చూపించాడు.

చివరి ఫ్యాను కూడా ఆగింది. ఇల్లంతా ఒక్కసారిగా బావురుమంది. ఈ నిశ్శబ్దంలో మనిషన్నవాడు ఎలా బతుకుతున్నాడా అని ఆమెకు అనిపించింది. బల్లకు అటొకటి ఇటొకటి కుర్చీలు, మధ్యలో రెండు కప్పులు అప్పుడు కనిపించాయి.

"ఎవరైనా వస్తున్నారా?" గొంతు తగ్గించింది.

"కూర్చోమ్మా, చెప్తాను," అంటూ ఫ్లాస్కులోంచి టీ పోశాడు. "పోయినేడంతా ఒక్క లైటు, ఒక్క ఫ్యానుతోనే నెట్టుకొచ్చాను. పొదుపులో ఈ వీధికి నేనే ఫస్టు. శభాష్ అంటూ మీ ఆఫీసు మెషిన్ నెలనెలా ఫోనుకు మెసేజ్ కొట్టేది."

"మరి అంత మంచి అలవాటు ఎందుకు మానేశారండీ?"

ఆయన కప్పు ఆమె ముందుకు జరిపి తల వంచుకున్నాడు.

"ఆ మెసేజ్ అడుగున ఇంకో ముక్క ఉండేదమ్మా... వాడకం హద్దు దాటితే మా మనిషి మీ ఇంటికి వస్తారని."