తామరపువ్వుల లేసు

"నేను వెళ్లిపోతానండి," అంది జయంతి, పెదవులు కదలకుండా.

"వచ్చేశాం కదా. కూర్చో," అన్నాడు బుల్లిబాబు.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనం. పై అంతస్తుల్లో కంప్యూటర్ కంపెనీలు ఇంకా ఒక్కొక్కటే సామాను దించుకుంటున్నాయి. కింది హాల్లో లేసు అల్లేవాళ్ల సమ్మేళనం జరుగుతోంది. హాలు కిటికీలు తెరుచుకునేవి కావు. అద్దాల అవతల బండరాళ్లూ ఎండా కనిపిస్తున్నాయి కానీ గాలి మాత్రం లోపలికి రావడం లేదు.

జయంతి పైటకు 'సరదాగా అల్లేవారు' అని రాసిన బిళ్ల గుచ్చి ఉంది. ఆమె రానంటే రానంది. బుల్లిబాబే ఫారం తెచ్చాడు. తానే నింపి, సంతకం మాత్రం ఆమె చేత పెట్టించాడు.

బల్ల మీద తామరపువ్వుల లేసు గుడ్డ పరిచి ఉంది. దాన్ని సంచిలోంచి కూడా ఆమెను తీయనివ్వలేదు బుల్లిబాబు. తానే తీసి, అంచులు సర్ది, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చాడు. ఎవరైనా ముట్టుకోబోతే, "చేతులు శుభ్రంగా ఉన్నాయాండీ?" అని అడుగుతున్నాడు.

సమ్మేళనం చూసుకునే రోహిణి అప్పటికి రెండుసార్లు వచ్చి చెప్పింది. "సార్, ఇది ఆడోళ్లు కూసునే జాగ. మీరు జర బయట కూసోరాదుండ్రి?"

"ఆవిడకి కొత్తండి. నేనుంటేనే ధైర్యం," అన్నాడతను.

పక్క బల్ల దగ్గర భార్యను దింపి వెళ్లడానికి వచ్చిన లింగమూర్తి నవ్వాడు. బాలానగర్‌లోని ఒక కార్ఖానాలో బుల్లిబాబు ఫోర్‌మన్. లింగమూర్తి అతని కింద ఫిట్టర్.

"ఏంది సార్, కార్ఖానల మా నెత్తి మీద నిలబడుతరు. ఈడ అమ్మ నెత్తి మీదనా?"

బుల్లిబాబు ముఖం కందిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు కానీ బయటికి వెళ్లలేదు.

పదకొండున్నరకు పార్వతమ్మ వచ్చింది. నరసాపురం దగ్గర పల్లెలో యాభై ఏళ్లపాటు లేసు అల్లిన మనిషి. పోటీలో ఏది బాగుందో తేల్చేది ఆమే. కళ్లజోడు పెట్టుకుని తామరపువ్వులను చాలాసేపు చూసింది.

"ఈ రేకులు ఎక్కడ కలిపావమ్మా? అతుకు కనపట్టం లేదే."

జయంతి భర్త వైపు చూసింది.

"మూడో గొలుసు దగ్గరండి. వెనకవైపు నుంచి," అన్నాడు బుల్లిబాబు.

"నిన్ను కాదు నాయనా. అమ్మాయిని చెప్పనీ."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు అతన్ని ఎగాదిగా చూశారు. "ఇంట్లో నోరెత్తనివ్వడు కాబోలు," అంది ఒకావిడ. ఆ మాట జయంతికీ వినబడింది. లేచి పోదామంటే ముందు బల్ల, వెనక అతను, చుట్టూ జనం.

పార్వతమ్మ ఆమె చేతిలో కొక్కెం సూదీ దారమూ పెట్టింది. "మాటలొద్దులే తల్లీ. ఒక్క రేకు అల్లి చూపించు."

జయంతి దారాన్ని సూదికి చుట్టింది. జారిపోయింది. మళ్లీ చుట్టింది. ఈసారి దారపుండ బల్ల మీంచి దొర్లి కింద పడింది.

"ఇది నీ చేతిపని కాదు," అంది పార్వతమ్మ. గొంతు పెంచలేదు. "మా పల్లెల్లో ఆడవాళ్లు చూపు మందగించేదాకా అల్లుతారు. పేరు మాత్రం ఇంకెవరిదో. నా బతుకంతా అదే చూశాను. ఇక్కడ కూడానా? ఎవరమ్మా అల్లింది?"

జయంతి తల దించుకుంది. ఎవరికీ చెప్పనని పెళ్లయిన కొత్తలోనే భర్తకు మాటిచ్చింది. కన్నీటి చుక్క ఒకటి బల్ల మీద పడింది.

"గట్లయితే పేరు కొట్టేస్త మేడం. గుడ్డ తీసుకోండ్రి," అంది రోహిణి.

ఇంకా వెళ్లని లింగమూర్తి కూడా ఏం జరుగుతోందో చూద్దామని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"లే, జయంతీ," అన్నాడు బుల్లిబాబు.

"ఇగ ఇంటికి గుంజుకపోయి తిడతడు," ఎవరో గొణిగారు. రోహిణి అడ్డం వచ్చింది. "సార్, ఆమెనేమనకుండ్రి."

అతను రోహిణి మాట విన్నట్టు లేదు. జయంతి లేచింది. అతను చేయి చాపాడు. ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, సూది ఇచ్చేసింది. అతను కింద పడ్డ దారపుండ తీసుకున్నాడు. లింగమూర్తి వైపు ఒకసారి చూసి, ఆమె ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు.

కిందికి చూడకుండానే అతని వేళ్లు రేకు అల్లసాగాయి.