పది ప్లై టైర్లు

“ఆ టైర్లు వద్దన్నా,” ఉదయ్ మళ్ళీ అడ్డుపడ్డాడు. “క్యాంపర్ బరువుకి అవి ఆగవు.”

కాలిఫోర్నియా సన్నీవేల్‌లోని ఆ టైర్ల షాపులో రామమోహన్ అప్పటికే క్రెడిట్ కార్డు బయటికి తీశాడు. బయట అతని పికప్ ట్రక్కు, దాని వీపు మీద చిన్న గదిలాంటి క్యాంపర్. రెండు పడకలు, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ అందులోనే. మర్నాడే భార్య రేణునీ, ఎనిమిదేళ్ళ కూతురు అవనినీ తీసుకుని రెండు వారాలు ఎల్లోస్టోన్ పార్కుకి వెళ్తున్నాడు.

“ఇవి సేల్‌లో ఉన్నాయి. ప్రయాణం మెత్తగా ఉంటుంది,” అని షాపతను ఇంగ్లీషులో చెప్పుకుపోతున్నాడు.

ఉదయ్ మోకాళ్ళ మీద కూర్చుని టైరు అంచున ఉన్న అంకెల మీద వేలు పెట్టాడు.

“చూడండి. ఒక్కోటి మోసేది రెండు వేల మూడొందల పౌండ్లు. పొద్దున మనం తూకం వేయిస్తే వెనక రెండు చక్రాల మీదే ఐదు వేల మూడొందలు పడింది. పైగా ఇక్కడ చూశారా? రెండు వేల మూడులో తయారైంది. ఇప్పుడు రెండు వేల తొమ్మిది, అంటే ఆరేళ్ళుగా షాపులోనే పడి ఉంది. దారిలో నెవాడా ఎడారి ఎండలో వెనక టైరు పేలిందంటే బండి పల్టీ కొడుతుంది. వెనక సీట్లో కూర్చునేది అవనే కదా!”

రామమోహన్ కార్డు జేబులో పెట్టేసుకున్నాడు.

“నువ్వు ఏదంటే అది, తమ్ముడూ.”

ఆఫీసులో అతను ఉదయ్‌కి మేనేజరు. బయట మాత్రం అన్న.

కావాల్సినవి పది ప్లై టైర్లు. అంటే పది పొరల బలమున్న, బరువులు లాగే ట్రక్కులకి వేసే గట్టి రకం. శాన్ హోసే నుంచి తెప్పించాలి, రెండు గంటలు పడుతుందన్నారు. ఇంతలో ఉదయ్ ఫోను మోగింది. భార్య కావ్యశ్రీ.

“ఎక్కడున్నావ్? అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీస్ ఒంటిగంటకి క్లోజ్ చేసేస్తారు.”

“ఇక్కడ ఇంకా అవలేదు కావ్యా. నువ్వెళ్ళి సైన్ చేసెయ్. మెట్లు మెల్లగా ఎక్కు.”

ఫోను పెట్టేసి సిగ్గుపడుతూ నవ్వాడు. “ఏడో నెల కదన్నా, టూ బెడ్‌రూమ్‌కి మారుతున్నాం. ఏడాది లీజు.”

“మంచిది, మంచిది,” అన్నాడు రామమోహన్, తన ఫోను చూసుకుంటూ. పక్కనే అవనితో కూర్చున్న రేణు కిటికీ వైపు తిరిగింది.

టైర్లు వచ్చాయి. ఉదయ్ నాలుగింటి మీదా తయారీ తేదీలు చదివాడు. రబ్బరు వాల్వులు ఇంత గాలికి తట్టుకోవని మెకానిక్‌తో వాదించి లోహపు వాల్వులు పెట్టించాడు. వెనక టైర్లలో ఎంత గాలి పట్టారో తనే గేజి పెట్టి చూశాడు. ఒకదాంట్లో తక్కువుంటే మళ్ళీ పట్టించాడు. చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. మధ్యాహ్నం రెండున్నరయింది. తిండి ఊసే లేదు.

ఒక చీటీ మీద అంకెలు రాసి రేణుకి ఇచ్చాడు.

“వదినా, ఇది మీ దగ్గరుంచండి. రోజూ పొద్దున్నే బండి కదలకముందే గాలి చూడాలి. టైరు వేడెక్కాక చూస్తే రీడింగ్ తప్పొస్తుంది. యాభై మైళ్ళు వెళ్ళాక ఒకసారి ఆగి చక్రాల నట్లు మళ్ళీ బిగించుకోండి. అన్న మర్చిపోతారు, మీరే గుర్తుచేయాలి.”

“సరే బాబూ,” అంది రేణు. చీటీని మడిచి పర్సులో పెట్టుకుంది.

“ఆ కొండల్లో నాకు ఫోన్ పనిచేయదు ఉదయ్,” అన్నాడు రామమోహన్. “రెండు వారాలు దొరకను.”

“మీరు హాయిగా తిరిగి రండన్నా. ఆఫీసు సంగతి నేను చూసుకుంటాను.”

అవనికి టాటా చెప్పి, నల్లటి చేతుల్ని ప్యాంటుకి తుడుచుకుంటూ ఉదయ్ తన కారు వైపు పరుగెత్తాడు. కారు మలుపు తిరిగేదాకా రేణు చూస్తూ ఉండిపోయింది. ముగ్గురూ బండెక్కాక, అవని వెనక సీట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటల్లో పడింది.

“సోమవారం ఉద్యోగాల్లోంచి తీసేసేవాళ్ళ లిస్టులో ఇతని పేరు మీరే రాశారటగా. పెళ్ళాం కడుపుతో ఉంది. వీసా కూడా ఈ ఉద్యోగం మీదే. ఒక్క మాట ముందే చెప్పొచ్చు కదండీ?” అంది రేణు.

రామమోహన్ బండి స్టార్ట్ చేశాడు.

“చెబితే ఇవాళ టైర్లు చూడ్డానికి ఎవడొచ్చేవాడు?”