గెలిచిన కాగితం

“నాను సంతకం పెట్టను,” అంది కాంతమ్మ, నామినేషన్ల గది ముందు వరండాలో, అందరూ వింటూండగా.

ఎమ్మెల్యే ఢిల్లేశ్వరరావు గోడ గడియారం వంక చూశాడు. రెండుంబావు. నామినేషన్లకు అదే ఆఖరి రోజు. మూడు దాటితే కొత్త కాగితం తీసుకోరు.

“ఏటప్పా ఇది? కారు పంపితే ఎక్కినావు. ఇంత దూరం వచ్చి ఈ ఏసాలేటి?”

“ఇంటికాడ సెప్తే నీ డ్రైవరొక్కడే ఇంటాడు బావూ. నలుగురిలో సెప్దామనే వచ్చినాను.”

బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఇండిపెండెంటు అభ్యర్థి ఒకడు నవ్వబోయి, దానిని దగ్గుగా మార్చుకున్నాడు.

పి.ఎ. బాబ్జీ ఎమ్మెల్యే చెవి దగ్గరకు వంగాడు. “సార్, పార్టీ అభ్యర్థికి ఈ నియోజకవర్గం ఓటరు ఒక్కడు ప్రతిపాదిస్తే సాలు. గేటు బయట మనోళ్ళు రెండొందల మంది ఉన్నారు. ఎవడో ఒకడి సేత పెట్టించీసి, జాగ్రత్తకి ఇంకో మూడు సెట్ల నామినేషన్లు...”

“నోర్ముయ్. అయిదుసార్లు నిలబడ్డాను. నాలుగుసార్లు ఈ కాంతమ్మప్ప ఒక్కర్తే సంతకం పెట్టింది, ఒక్కటే సెట్టు, నాలుగుసార్లూ గెలిచాను. మూడోసారి నీలాటి తెలివైనోడి మాట ఇని, పెద్దపెద్దోళ్ళ సేత నాలుగు సెట్లు ఏయించాను. ఏటయింది? ఏడొందల ఓట్లతో పోయాను.”

ఆయనకు మరొక నియమం కూడా ఉంది. కిందటిసారి గెలిచిన నామినేషను నకలును ఎదుట పెట్టుకుని, కొత్తదానిని అక్షరం పొల్లుపోకుండా దించాలి. వయసూ తేదీ తప్ప మరేదీ మారడానికి వీల్లేదు. పసుపు అద్దిన ఆ నకలును చూసి బాబ్జీ పొద్దుటే అంతా నింపేశాడు, కాంతమ్మ వివరాలతో సహా. సంతకం ఒక్కటే మిగిలింది.

“ఏటి కావాలో సెప్పప్పా. పింఛనా? మనవరాలికి ఉద్యోగమా?”

“మా కూర్మారావు కావాల.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కూర్మారావు ఆమె భర్త; పోయి మూడు నెలలైంది.

కాంతమ్మ గొంతు పెంచలేదు. “కిడ్నీలు పాడైపోయినా, ఇసకలపేటలో ఉన్నన్నాళ్ళు ఆటో ఎక్కి పలాస ఎల్లి రక్తం కడిగించుకుని వచ్చీవోడు. మధ్యాన్నానికల్లా వచ్చి వల కూడా బాగుసేసుకునీవోడు. సముద్రం కోసేత్తందని నువ్వు మా వొంద ఇళ్ళూ పీకించి గెడ్డ ఏరు అవతల కాలనీలో పడీసినావు. ఆ సోట ఇప్పుడు నీ అల్లుడు రొయ్యపిల్లల్ని పెంచుతున్నాడు. కాలనీ నుంచి పలాసకి రెండు బస్సులు మారాల. ఓ వారం ఒకసారి కడిగించడం తప్పింది. ఇంకో వారం రెండుసార్లు తప్పింది. ఆటో ఏర్పాటు సెయ్యి బావూ అని నీ గుమ్మంకాడ పొద్దల్లా కూకున్నాను. ఏటన్నావో గేపకం ఉందా?”

ఢిల్లేశ్వరరావుకు జ్ఞాపకం లేదు.

“‘ముసిలోడు ఇంకెన్నాళ్ళుంటాడే’ అన్నావు.”

రెండున్నర అయింది.

“తప్పయిపోనాదప్పా.”

“నిలబడి సెప్తే నాకు ఇనిపించదు.”

నాలుగు శాసనసభల్లో కూర్చున్న ఆ మనిషి వంగాడు. ఇస్త్రీ చెదరని ఖద్దరు పంచె సిమెంటు నేలకు తాకింది. చేపల తట్ట మోసి మోసి పగిలిన ఆ పాదాల మీద ఆయన రెండు చేతులూ పెట్టాడు. ఇండిపెండెంటు ఫోను పైకెత్తాడు. బాబ్జీ పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. కాంతమ్మ మాత్రం తొందరపడలేదు. ఆయన నడినెత్తి మీది బట్టతలను చూస్తూ, అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా చూసేదాకా ఆగి, అప్పుడు అంది.

“సర్లే, లెగు. కలం తే.”

“బతికించినావప్పా!”

“ఒక్క మాట. నాదొక్కటే సెట్టు. ఇంకో సంతకం పడిందంటే నాది కొట్టీత్తాను.”

“నాకు కావాల్సిందీ అదేగదా!”

బాబ్జీ ఫారం చదివి వినిపించబోయాడు. “టైమెక్కడిది? పెట్టించు,” అన్నాడు ఎమ్మెల్యే. ఆయన చూపంతా ఆమె చేతి మీదే ఉంది, కావాలని వంకర గీతలు గీస్తుందేమోనని. ఆమె వయోజన విద్య బడిలో నేర్చుకున్న గుండ్రని అక్షరాలతో, కొమ్మూ దీర్ఘమూ సరిగ్గా కుదిరేటట్లు సంతకం పెట్టింది. బాబ్జీ పాత నకలును పక్కన పెట్టి పోల్చాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

రెండూ యాభైకి నామినేషను లోపలికి వెళ్ళింది. అధికారి కాగితాలు అందుకుని, రసీదు ఇచ్చి, “పరిశీలన రేపు పదకొండింటికి,” అన్నాడు. మూడింటికి బంట్రోతు తలుపు మూసి గడియ వేశాడు.

ఆ చప్పుడు వినగానే ఢిల్లేశ్వరరావు ముఖం మారిపోయింది. పంచెకంటిన దుమ్ము దులుపుకుంటూ కాంతమ్మ మీదికి వచ్చాడు.

“నా సేత కాళ్ళు పట్టిత్తావే ముసలిదానా? ఓట్లు లెక్కపెట్టనీ. నాను గెలిచిన మర్నాడు మీ కాలనీకి నీళ్ళ ట్యాంకరొస్తే నా పేరు ఢిల్లేశ్వరరావు కాదు.”

కాంతమ్మ అప్పటికే రెండు మెట్లు దిగింది. చెంగుతో వేలికంటిన సిరా తుడుచుకుని, తాపీగా వెనక్కి తిరిగింది.

“గెడ్డ దాటితే మాకు వేరే ఎమ్మెల్యే గదా బావూ, నువ్వు మా ఇళ్ళు పీకించిన రెండో నెలకే నా ఓటు కూడా ఆ నియోజకవర్గానికి ఎల్లిపోనాది.”