సైగల టీచరు

ఎనిమిదో తరగతి నుంచి చప్పుడు రాకపోయేసరికి హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. ఆ గదిలో అరుపులు వినిపిస్తే పాఠం నడుస్తున్నట్టు, వినిపించకపోతే పిల్లలు కిటికీ దూకినట్టు. ఇప్పటికే ఇద్దరు టీచర్లను తరిమేసిన ఘనత ఆ తరగతిది.

మూడో మనిషిగా వచ్చింది ఈ అమ్మాయి. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి బయటపడింది. రెండేళ్లు పాఠాలు చెబితే ఇలాంటివాళ్లకు నాయకత్వం అబ్బుతుందంటూ ఒక సంస్థ పంపింది. మొదటి వారమంతా అరిచింది. ఆ తర్వాత గొంతు పోయిందని చీటీ రాసిచ్చి, సైగలతోనే నెట్టుకొస్తోంది. టీచరంటే గొంతు ఆఫీసు గదిదాకా వినపడాలనే హెడ్మిస్ట్రెస్‌కు ఒళ్లు మండిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, అసలు నోరే లేకపోతే ఏం చేసేట్టు?

శుక్రవారందాకా చూస్తానంది. ఈరోజే శుక్రవారం. పంపించేస్తే ఆ సంస్థ ఇంకో బడి చూపించదట, ఆ పిల్ల ఖాళీగా ఇంటికి పోవాల్సిందే. పంపేయాలనే నిర్ణయించుకుంది. అయినా మనసు ఆగక వరండాలోకి నడిచింది.

కిటికీలోంచి చూస్తే పిల్లలందరూ ఉన్నారు. టీచరు బోర్డు మీద త్రిభుజం గీసి చేతులు తిప్పుతోంది. అర్థంకాక అందరూ ముందుకు వంగారు. పాత టీచర్లను ఏడిపించిన గడుగ్గాయి లేచి, "కోణాలు కూడమంటున్నార్రా" అన్నాడు. ఎన్నడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్ల, "ముందు కొలవమంటున్నారు" అంది. వాడు వాదించకుండా కోణమానిని తీశాడు.

గంట కొట్టేదాకా హెడ్మిస్ట్రెస్ అక్కడే నిలబడిపోయింది. ఆ వెనక బెంచీ పిల్ల గొంతు తానెప్పుడూ వినలేదని తట్టి సిగ్గేసింది.

సాయంత్రం అమ్మాయిని పిలిపించి, ఉంచేస్తున్నానని చెప్పింది. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అదృష్టవంతురాలివి తల్లీ, గొంతు పోవడమే నీకు కలిసొచ్చింది. సోమవారం నుంచి సెలవు పెట్టి డాక్టరుకి చూపించుకో. నయమయ్యేదాకా ఆ క్లాసు నేను చూసుకుంటాలే."

ఆ చివరి మాటకు అమ్మాయి కంగారుపడింది. వరండాలో పిల్లలెవరూ లేరని చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నా గొంతు అసలు పోనేలేదు మేడమ్."