పుట్టమ్మ రాసిన కథ

డెబ్బై తొమ్మిదిలో డెంకణికోట దగ్గర అడివంచు పల్లెలోని తెలుగు బడికి కాత్యాయని టీచరు కొత్తగా వచ్చింది. హోసూరు టౌనులో పెరిగిన మనిషి. మూడో తరగతి పిల్లలతో, "పుస్తకంలో కథలు వద్దు. మీ ఇంటి కథ మీరే పలక మీద రాయండి" అంది.

అందరికంటే ముందు పుట్టమ్మ పలక తెచ్చింది.

"నాయన రాగి చేనికి కావిలి పోయినాడు. మంచె మీద కూర్చున్నాడు. ఏమీ రాలేదు. తెల్లారింది. నాయన మంచె దిగి ఇంటికి వచ్చినాడు. అమ్మ సంగటి పెట్టింది. నాయన తిన్నాడు."

టీచరు నవ్వింది. "ఇందులో కథేముందమ్మా? ఏదన్నా జరగల్ల గదా! మీ అడివి నిండా ఏనుగులే. ఒక ఏనుగు చేలోకి వచ్చిందని రాయి. అప్పుడు చూడు, ఎంత బాగుంటుందో!"

అంటూనే తడిగుడ్డతో పలకంతా తుడిచి చేతికివ్వబోయింది.

పుట్టమ్మ అందుకోలేదు. అక్షరాలు పోయిన పలక వైపే చూస్తూ నిలబడింది.

"ఏమైంది? రాయి."

"పోయిన కోతలప్పుడు నిజంగానే వచ్చింది టీచరమ్మా," అంది పుట్టమ్మ. "అందుకే నా కథలోకి దాన్ని రానీలేదు."