చీమలు రాని మూల

మురహరిరావు దొరకు మధుమేహం పట్టింది. సూర్యాపేట పక్క ఊళ్లో కోటలాంటి గడి, గడి చుట్టూ భూములు, ఊరినిండా వెట్టివాళ్లు. ఇన్ని ఉండీ ఏం లాభం? 1947 ఎండాకాలంలో ఆయన మూత్రం పోసే గోడమూలకు చీమలు బారులు కట్టాయి.

కోదాడ నుంచి వైద్యుడు వీరభద్రాచారి వచ్చి, ఆ చీమలను చూసి తల పంకించాడు.

"తీపి మానెయ్యండి దొరవారూ. నేరేడుపండ్లు తినండి. గింజలు ఎండబెట్టి, పొడి కొట్టించి రెండు పూటలా మింగండి. ఆ వగరులోనే ఉంది మందంతా. చీమలు రావడం మానితే రోగం తగ్గినట్టే."

ఆ సాయంత్రమే దండోరా పడింది. వాగొడ్డు నేరేడు చెట్లన్నీ ఇక గడివి. ఒక్క పండు ముట్టినా వీపు చిట్లుతుంది.

గడి ఊడ్చి పేడనీళ్లు చల్లే సుక్కి పొద్దున వైద్యుడి మాటలూ విన్నది, ఇప్పుడు ఈ దండోరా కూడా విన్నది. తొలకరి పడేదాకా పొలం పని లేదు. వాడలో పిల్లలకు ఒక పూట కడుపు నింపేవి ఆ పండ్లే. ఆమె కూతురు కాటమ్మ అప్పటికే ఆడుకోవడం మానేసి గోడకు చేరగిలి కూర్చుంటున్నది.

సుక్కి ధైర్యం చేసి, దూరంగా నిలబడి అడిగింది.

"నీ బాంచెన్ దొరా. పండ్లు మా పోరగాండ్లు తింటరు. గింజలన్నీ కడిగి తెచ్చిస్తం."

"ఛీ! మీ నోట్లెకెల్లి ఊసిన గింజలు నేను మింగాల్నా? మీ ఎంగిలి నాకు మందా?"

గంపలకొద్దీ పండ్లు గడిలోకి వచ్చాయి. గింజలు తీశాక మిగిలిన గుజ్జు బర్రెల కుడితిలో కలిసింది. ఆ గడిలో పిల్లలకంటే బర్రెలకే మర్యాద ఎక్కువ.

ఇంతా చేసి, దొరగారి నోటికి ఆ వగరు పట్టలేదు. పొడిలో పిడికెడు బెల్లం కలిపి లడ్డూలు కట్టించుకుని మింగాడు! ఆచారి చూశాడు, చూడనట్టే మందుల సంచి సర్దుకున్నాడు. దొరకు తప్పు చెప్పి బతికినవాడెవడు?

రోజూ మధ్యాహ్నం దొర పంచె ఎగ్గట్టి, చీమలున్నాయేమో చూడటానికి గోడమూల దగ్గర వంగేవాడు. ఊరంతా ఎవరి ముందు వంగుతుందో, ఆ మహానుభావుడు చీమల ముందు వంగడం చూసి తీరాల్సిందే. కొన్నాళ్లకు చీమలు పలచబడ్డాయి. మరికొన్నాళ్లకు ఒక్కటీ లేదు.

"సూసినవా ఆచారీ! మిర్యాలగూడ డాక్టరు సూదులన్నడు, పథ్యమన్నడు. లడ్డూలతోని ఖతం జేసిన రోగాన్ని!"

ఆచారి చీమల్లేని మూలను, దొర చేతిలోని బెల్లపు ఉండను మార్చి మార్చి చూశాడు. తన శాస్త్రం ఎక్కడ తప్పిందో అంతుబట్టలేదు. దొర శాలువా కప్పుతుంటే మాత్రం వద్దనలేదు.

"అంతా తమరి పుణ్యబలం దొరవారూ" అన్నాడు.

సుక్కి చీపురు పక్కన పెట్టి చేతులు కట్టుకుంది.

"దొరా, రోగం పాయె గద. ఇగ చెట్లు ఇడుస్తరా?"

"తీస్కపోన్రి. ఆ వగరు ఇగ నాకెందుకే?" అని దొర అరిసెలు తెమ్మని వంటింట్లోకి కేకేశాడు.

ఆ సాయంత్రం వాడలో పిల్లలందరి నాలుకలూ ఊదారంగుకు తిరిగాయి. కాటమ్మ కడుపునిండా తిని, తల్లికి నాలుక చాపి చూపించి నవ్వింది. సుక్కికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పొద్దున్నే సుక్కి గడి ఊడ్చి, ఆ గోడమూలకు పేడనీళ్లు చల్లింది, దొర ఛీ కొట్టిన నాటినుంచి మొదటిసారిగా అందులో పసుపు కలపకుండా.