పదకొండో చీటీ

"ఇది పదకొండోదండీ మేడమ్!" స్టూడియో ఆయన చీటీని కౌంటరు మీద చరిచాడు.

గుర్తింపు కార్డుల ఆఫీసు అది. దరఖాస్తుతో ఇచ్చిన ఫొటో పనికిరాకపోతే, అది వెనక్కి రాదు. 'వేరేది తెండి' అన్న చీటీ మాత్రం వస్తుంది. పదకొండు చీటీలూ ఆయన తీసిన ఫొటోలకే. పొద్దుటి నుంచి హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, ఇప్పటికి ఈ కిటికీ దగ్గరికి చేరాడు.

"కాస్త మెల్లగా మాట్లాడండి," అంది గుమస్తా. ఆమె చూపు ఆయన ముఖం మీద నిలవడం లేదు.

"మెల్లగానా? మీ చీటీల పుణ్యమా అని జనమంతా ఎదురు షాపుకి పోతున్నారు. వాడు తీస్తే పెళ్ళికొడుకైనా దొంగలా పడతాడు. వాడివి ఒక్కటీ ఆపరే! నా ఫొటోల్లో చెవులు కనపడలేదా?"

"కనపడ్డాయండీ."

"కళ్ళు మూసుకున్నారా?"

"లేదు."

"వెనకాల తెల్లగా లేదా?"

"తెల్లగానే ఉంది."

"మరి ఏం రోగం? నాచేత స్టూడియో మూయిస్తే గానీ మీకు నిద్ర పట్టదా?"

ఆ మాటకి ఆమె ముఖం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, సొరుగు లాగి ఓ నోటుపుస్తకం తీసింది.

అంతా ఆయన ఫొటోలే. పేజీకొకటి అంటించి, కింద సన్నటి అక్షరాలు. 'వెలుగు ఎడమ వైపు నుంచి.' 'నవ్వబోయి ఆపుకున్నాడు.' 'ఈవిడ ఎవర్నో తలుచుకుంటోంది.' సొరుగులో ఓ కొత్త కెమెరా కూడా ఉంది.

"మీ ఫొటోలు చూసే కొనుక్కున్నానండీ. పదేళ్ళుగా ముఖాల మీద ముద్ర గుద్దడమే గానీ, చూసిందెప్పుడు?" అంటూ చివరి పేజీ తిప్పింది. "ఇది నేను తీసిందే. మా అమ్మ. ఎలా ఉందండీ?"

కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది ఆ పెద్దావిడ. వెలుగంతా ఆ దారం కొసనే ఉంది.

ఆయన కోపం నీరుగారిపోయింది. ఇరవై ఏళ్ళలో తన ఫొటోని ఇంతసేపు చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"బాగా తీశావమ్మా," అన్నాడు చివరికి. "మరి ఇంత నచ్చినవాటిని పనికిరావని ఎందుకు రాస్తున్నావు తల్లీ?"

ఆమె తల దించుకుంది.

"పాసైనవన్నీ ఫైళ్ళలోకి పోతాయండీ. పనికిరానివే నా దగ్గర ఉండేది."